వట్టిచేతుల గురువు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీహిల్సు, ఫిల్మునగరు అను ప్రాంతములు కలవు. ఒకప్పుడు మదరాసులో వేళ్లూనియుండిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా తరలివచ్చి ఈ రాతిగుట్టల నడుమ స్థిరపడినది. అచ్చట తయారగు చిత్రములలో పోరాట దృశ్యము లేని చిత్రము అరుదు. కథానాయకుడు ఒంటరిగా నిలిచి పదిమందిని నేలగూల్చును. అతని కాలి తాకునకు ప్రత్యర్థి గాలిలోనికెగిరి దూరముగా పడును. ఆ దృశ్యములను చూచిన బాలబాలికలు తామును అట్టి విద్యను నేర్వవలెనని ఉబలాటపడుట సహజము. అట్టి ఉబలాటముతోనే పలువురు కరాటే శిక్షణాలయముల గడప త్రొక్కుదురు.

తొలిదినమున వారికి ఆశ్చర్యము కలుగును. అచ్చట మొదట నేర్పునది దెబ్బకాదు, నమస్కారము. తెల్లని దుస్తులు ధరించి, వరుసగా నిలిచి, నడుము వంచి గురువునకును తోటివారికిని వందనము చేయవలెను. పిమ్మట మోకాలు వంచి స్థిరముగా నిలుచుట, పిడికిలి బిగించుట, శూన్యములోనికి మరల మరల గ్రుద్దుట నేర్పుదురు. తెరమీది మెరుపులు ఇందేమియు కానరావు. కొందరు విసుగుచెంది నెల తిరుగకుండగనే మానివేయుదురు. నిలిచినవారు మాత్రము ఏండ్ల తరబడి ఆ విద్యను విడువరు. కరాటేలో పెక్కు శాఖలు కలవు. వానిలో షోటోకాన్ అనునది ప్రపంచమున మిక్కిలి వ్యాపించిన శాఖలలో నొకటి. ఆ శాఖకు చెందిన శిక్షణాలయములలో అనేకచోట్ల గోడపై ఒక వృద్ధుని చిత్రపటము కనబడును. ఆయన పేరు గిచిన్ ఫునకోషి. విద్యార్థులు ఆ మార్గమును ఏల కోరుకొనుచున్నారో, అందు వారికి లభించు ఆనందమెట్టిదో తెలియవలెనన్న ఆయన జీవితమును తెలిసికొనవలెను.

బలవంతులనగా మన కనులయెదుట కోడి రామమూర్తినాయుడు వంటి మహాకాయులు నిలుతురు. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమున జన్మించిన ఆ మల్లుడు ఇనుపగొలుసులను త్రెంచి, ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొని లోకమును అబ్బురపఱచెను. ఫునకోషి అట్టివాడు కాడు. ఆయన పొట్టివాడు, సన్ననివాడు. వృత్తిచే బడిపంతులు. పుట్టినపుడు ఆయన బ్రతుకునని కూడ ఎవరును ఆశపడలేదు.

జపాను దేశపు దక్షిణ భాగమున, సముద్రమధ్యమున ఒకినావా అను ద్వీపము కలదు. పూర్వము అది ర్యూక్యూ అను చిన్న రాజ్యమునకు చెందియుండెను. ఆ రాజ్యమునకు షూరి నగరము రాజధాని. ఆ నగరమునందు 1868వ సంవత్సరము నవంబరు 10వ తేదీన ఫునకోషి జన్మించెను. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానము. నెలలు నిండకుండ పుట్టుటచే శిశువు మిక్కిలి బలహీనముగా నుండెను. ఎక్కువకాలము జీవింపడని పెద్దలు తలంచిరి. అందుచే మాతామహులు ఆ బిడ్డను తమ యింట నుంచుకొని అల్లారుముద్దుగా పెంచిరి. తాతగారు విద్వాంసుడు. చైనా దేశపు ప్రాచీన ధర్మగ్రంథములను మనుమనిచే చదివించెను. బాలునకు చదువునందు శ్రద్ధ కుదిరెను గాని శరీరమునకు పుష్టి చేకూరలేదు. ఏదో యొక రుగ్మత అతనిని వెన్నాడుచుండెను.

పాఠశాలలో అతనికొక స్నేహితుడుండెను. ఆ స్నేహితుని తండ్రి అంకో అజాతో అను గొప్పవంశస్థుడు. అజాతో కరాటే విద్యలో ఆరితేరినవాడు. కరాటే యనగా ఆయుధములేమియు లేకుండ, వట్టి చేతులతోను కాళ్లతోను తన్ను తాను రక్షించుకొను విద్య. ఒకినావా ప్రజలు పాలకుల నిషేధములవలన చిరకాలము ఆయుధములకు దూరమైయుండిరి. ఆ పరిస్థితులలో అచ్చట ఈ విద్య పెంపొందెను. ఆ దినములలో దానిని బాహాటముగా నేర్పువారు లేరు. నేర్చినవారు తాము నేర్చితిమని చెప్పుకొనుటయు లేదు.

అందుచే ఫునకోషి రాత్రివేళ, ఊరెల్ల నిద్రించుచుండగా, చేత చిన్న లాంతరు పట్టుకొని అజాతో యింటికి పోవుచుండెను. పెరటిలో అభ్యాసము జరుగుచుండెను. గురువు వసారాలో నిటారుగా కూర్చుండి చూచుచుండెను. కరాటేలో కటాలు అనునవి కలవు. ఎదుట శత్రువున్నట్లు భావించి, ఒక నియమిత క్రమమున చేయు అడుగులు, అడ్డుకొనుటలు, దెబ్బలు కలసిన వరుసయే కటా. ఫునకోషి ఒకే కటాను రాత్రులు, వారములు, నెలలు మరల మరల చేయవలసి వచ్చెడిది. మరియొకమారు చేయుమనుట తప్ప గురువు అధికముగా మాటాడడు. బాగున్నదను ఒక్కమాట ఆయన నోట వచ్చుట అపురూపము. ఒక దానిలో లోపమెల్ల తొలగువఱకు వేఱొక దానిని నేర్పుట లేదు. తెల్లవారు జామున చెమటతో తడిసి ఇల్లు చేరు ఆ బాలునకు పలుమార్లు విసుగు కలిగెను. దుఃఖమును కలిగెను. కాని మరునాటి రాత్రి కాళ్లు తామే ఆ యింటివైపు నడచుచుండెను.

కొన్నియేండ్లు గడచినవి. ఒకనాడు ఫునకోషి తన దేహమును తాను పరిశీలించుకొనగా, పూర్వపు రోగిష్టితనము మచ్చునకైన కానరాలేదు. ఇది ఏ ఔషధమువలన కలిగినది కాదు. రాత్రి రాత్రి చేసిన అభ్యాసము తెలియకుండగనే అతనిని ఆరోగ్యవంతునిగా మార్చివైచెను. ఆ క్షణముననే కరాటేను జీవితాంతము విడువరాదని అతడు నిశ్చయించుకొనెను. ఇతరులను గెలుచుటకై కాక, తన బలహీనతను గెలుచుటకై ప్రారంభమైన విద్య యగుటచేతనే, పిమ్మట ఆయన దానిని దుర్బలులకు సైతము ధైర్యముగా నేర్పగలిగెను.

అజాతోకు అంకో ఇతోసు అను మిత్రుడు కలడు. అతడును మహాగురువే. ఫునకోషి ఆ యిరువురి కడను విద్య నేర్చెను. ఆ గురువులకు అసూయ యనునది లేదు. ఇతర గురువులయొద్ద నున్న మంచిని కూడ గ్రహించి రమ్మని వారే శిష్యుని పంపుచుండిరి. గుఱ్ఱముపై స్వారిచేయువాని వలె కాళ్లు ఎడముగా నిలిపి చేయవలసిన మూడు కటాలను సాధించుటకు ఫునకోషికి పదియేండ్లు పట్టెను. ఆ భంగిమలో స్థైర్యము కుదురుటకై, తుపాను వీచుచున్నవేళ ఇంటికప్పు నెక్కి, చాపను అడ్డుగా పట్టుకొని, గాలి కెదురుగా నిలిచెనట. గాలి త్రోసివేయగా క్రింద బురదలో పడి, లేచి, మరల పైకెక్కెనట.

ఫునకోషి వైద్యుడు కావలెనని కోరెను. టోకియో వైద్యపాఠశాల ప్రవేశపరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. కాని సిగముడి యున్నవారికి అందు ప్రవేశము లేదు. ఆ కాలమున జపాను ప్రభుత్వము ప్రాచీనాచారమైన సిగముడిని మాన్పించుచుండెను. ఒకినావాలోని పాతకుటుంబములవారు దానిని ప్రాణముగా చూచుకొనుచుండిరి. మన దేశమున పిలక తీయించుకొనుటకు ఒకప్పుడు ఎంత రాద్ధాంతము జరిగెడిదో, అచ్చటను అట్లే జరుగుచుండెను. పెద్దల మాటను త్రోసివేయలేక ఫునకోషి వైద్యవిద్యను వదలుకొనెను. తుదకు 1888వ సంవత్సరమున ఉపాధ్యాయపదవి లభించినపుడు ఆయన సిగ తీయించుకొనక తప్పలేదు. ఆ రూపముతో ఇంటికి రాగా తండ్రి నిర్విణ్ణుడయ్యెను. తల్లి కోపముతో పెరటిగుమ్మమున వెడలి పుట్టింటికి పోయెను.

జీతము స్వల్పము, కుటుంబము పెద్దది. నెలకు మూడు యెన్‌లతో సంసారము నడుపవలసియుండెను. భార్య గోసే పగలు కూరగాయలు పండించి, రాత్రులు మేలుకొని వస్త్రములు నేసి భర్తకు తోడ్పడెను. విసుగు చెందక, కరాటేను మానుమని కోరక, తానును అందు కొంత అభ్యాసము చేసెను. ఇరుగుపొరుగువారు కలహించుకొనునపుడు ఆమెయే పోయి వారిని సమాధానపఱచుచుండెను.

ఈ కాలముననే జరిగిన యొక చిన్న సంఘటన ఫునకోషి స్వభావమును తేటపఱచును. ఒక సాయంకాలమున ఆయన పితృదేవతల పీఠము చెంత నివేదించుటకై తీపిరొట్టెలు మూటగట్టుకొని ఒంటరి బాటను పోవుచుండెను. ఇద్దరు దుండగులు అడ్డగించి మూటనిమ్మని బెదరించిరి. పదియేండ్లకు పైబడి శిక్షణ పొందినవానికి వారిని పడగొట్టుట కష్టముకాదు. కాని ఆయన చేయి ఎత్తలేదు. రొట్టెలను, తనయొద్ద నున్న పొగాకును వారికిచ్చి తన త్రోవను పోయెను. మరునాడు గురువులకు ఈ విషయమును విన్నవించెను. ఇతోసు సంతోషించెను. అజాతో మాత్రము రొట్టెలు పోయిన పిమ్మట పీఠమునకు ఏమి సమర్పించితివని ప్రశ్నించెను. మనఃపూర్వకముగా ప్రార్థన సమర్పించితినని ఫునకోషి బదులు చెప్పెను. ఇప్పటికి నీకు కరాటే తెలిసినదని గురువులు మెచ్చుకొనిరి. ఏండ్ల తరబడి ఏ కటాను చేసినను లభింపని మెప్పు, చేయి ఎత్తకుండుటవలన ఆయనకు లభించెను.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో కరాటే రహస్యపు చెఱనుండి వెలువడెను. ఇతోసు ప్రయత్నమువలన ఒకినావా పాఠశాలలలో అది వ్యాయామముగా ప్రవేశించెను. చిన్నపిల్లలకు అనువుగా ఇతోసు ఐదు కటాలను కూర్చెను. ఫునకోషి తన శిష్యులతో ఊరూర ప్రదర్శనలిచ్చెను. 1921వ సంవత్సరము మార్చి నెలలో జపాను యువరాజు హిరోహితో ఐరోపాకు పోవుచు ఒకినావాలో దిగినపుడు, షూరి కోటలో ఆయన యెదుట జరిగిన ప్రదర్శనమునకు ఫునకోషియే నాయకత్వము వహించెను.

మరుసటి సంవత్సరము, అనగా 1922లో, విద్యాశాఖవారు టోకియో నగరమున వ్యాయామవిద్యా ప్రదర్శనమును ఏర్పాటుచేసిరి. ఒకినావా తరఫున కరాటేను పరిచయము చేయుటకు ఫునకోషిని పంపిరి. అప్పటికి ఆయనకు ఏబదిమూడేండ్లు. ఉద్యోగము విరమించి విశ్రాంతి గైకొనవలసిన వయస్సు. కటాల ఛాయాచిత్రములను అతికించిన చుట్టలను వెంటగొనిపోయి, ప్రదర్శించి, వెంటనే తిరిగివత్తునని ఇల్లు వదలెను. కాని జూడో విద్యకు జనకుడైన జిగోరో కానో ఆయనను తన శిక్షణాలయమునకు ఆహ్వానించెను. అచ్చట నూరుమందికి పైగా చూచుచుండగా ఫునకోషి తన విద్యను ప్రదర్శించెను. కానో కోరికపై కొన్ని కటాలను నేర్పెను. ఇంటికి బయలుదేరనుండగా హోఅన్ కొసుగి అను చిత్రకారుడు వచ్చి తమకు కరాటే నేర్పుమని ప్రార్థించెను. నేర్వగోరువారిని వదలిపోవుటకు ఆ బడిపంతులునకు మనసొప్పలేదు. తన గురువులు ఆశించిన కార్యము ఇదియే యని తలంచి ఆయన టోకియోలోనే నిలిచిపోయెను. భార్యను రమ్మని వ్రాయగా, పితరులకు చేయవలసిన విధులను విడిచి రాజాలనని ఆమె ఒకినావాలోనే యుండెను. ఆ దంపతులు పెక్కేండ్లు ఎడబాటును సహించిరి.

చేత ధనము లేదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహమున ముఖద్వారము ప్రక్కనున్న చిన్నగదిలో ఆయన తలదాచుకొనెను. పగలు ఆవరణమును ఊడ్చుచు, తోటలో కలుపు తీయుచు, గదులను శుభ్రము చేయుచుండెను. విద్యార్థులు ఉపన్యాసశాలను వాడని వేళలలో అందు కరాటే నేర్పుచుండెను. భోజనవ్యయము తగ్గించుకొనుటకై వంటవానికి కరాటే నేర్పుటకు ఒడంబడిక చేసికొనెను. ఆ చిన్న ఆదాయమును చాలక, ఒకపరి తన పాతటోపీని, ఒకినావా నేతవస్త్రమును తాకట్టు దుకాణమునకు గొనిపోయెను. ఆ పాతబట్టలకు అనుకొన్నదానికన్న మిక్కిలి యెక్కువ సొమ్మిచ్చిరి. కారణము పిమ్మట తెలిసెను. దుకాణపు గుమాస్తా తమ్ముడు ఆయనయొద్ద కరాటే నేర్చుచుండెను.

ఒకనాడు ఒక పత్రికావిలేఖరి వచ్చి, ముంగిట ఊడ్చుచున్న వృద్ధుని చూచి, కరాటే గురువైన ఫునకోషిగారు ఎచ్చట నున్నారని అడిగెను. క్షణకాలము వేచియుండుడని చెప్పి ఆ వృద్ధుడు లోనికిపోయెను. చేతులు కడుగుకొని, మంచిదుస్తులు ధరించి తిరిగివచ్చి, తానే ఫునకోషినని వినయముగా వందనము చేసెను. విలేఖరి నిశ్చేష్టుడయ్యెను. చీపురు పట్టుటకు సిగ్గుపడని ఆ గురువును చూచియే శిష్యులు వినయమును నేర్చిరి. నేటికిని శిక్షణకు ముందు విద్యార్థులే తమ అభ్యాసశాల నేలను తుడుచుకొను ఆచారము పలుచోట్ల కలదు.

1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన టోకియోను భయంకర భూకంపము పడగొట్టెను. నగరము అగ్నికి ఆహుతియయ్యెను. శిష్యులలో కొందరు మృతిచెందిరి. అంతకుముందు సంవత్సరమే ఫునకోషి కరాటేను గూర్చి వ్రాసిన గ్రంథపు ముద్రణ ఫలకములు కాలిపోయెను. కొంతకాలము ఆయన ఒక బ్యాంకులో ప్రతులు తీయుటకు వలయు అచ్చుకాగితములను సిద్ధముచేయు పని చేసికొనెను. ఖడ్గవిద్యాచార్యుడైన హిరోమిచి నకయమ తన అభ్యాసశాలను ఖాళీగానున్న వేళలలో వాడుకొనుమని ఉదారముగా అనుమతించెను. 1924లో కేయో విశ్వవిద్యాలయమున కరాటే సంఘము ఏర్పడెను. క్రమముగా ఇతర విశ్వవిద్యాలయములవారును ఆయనను ఆహ్వానించిరి. శిష్యుల ప్రగతిని సూచించుటకు జూడోలోని పద్ధతిననుసరించి, నడుమునకు కట్టుకొను పట్టీయొక్క రంగును బట్టి స్థాయిలను ఏర్పఱచిరి. నల్లపట్టీ పొందినవారికి డాన్ అను పట్టములు ఈయబడెను.

విద్యార్థులు అంత ఉత్సాహముతో వచ్చుటకు కారణములు లేకపోలేదు. ఈ విద్యకు పరికరములు అక్కఱలేదు, విశాలమైన మైదానము అక్కఱలేదు. ఒంటరిగా నైనను, పదిమందితో నైనను అభ్యసింపవచ్చును. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు, పురుషులు తమ శక్తి కొలది చేయవచ్చును. ఫునకోషి ఇతోసు కూర్చిన ఐదు కటాలకు ప్రశాంతి యను అర్థము గల హెయాన్ అను పేరు పెట్టెను. ఒకదానిని సాధించిన పిమ్మట వేఱొకటి యెదుట నిలుచును. నిన్న తడబడిన అడుగు నేడు నిలుకడగా పడినపుడు కలుగు సంతోషము సామాన్యమైనది కాదు. పొరుగువానిని ఓడించుటవలన కలుగునది కాదది. నిన్నటి తన్ను తాను దాటుటవలన కలుగునది. ఓడినవాడెవ్వడును లేని గెలుపు కనుక అందు చేదు లేదు.

కరాటే యను పదమును జపానులో అప్పటివఱకు చైనా హస్తము అను అర్థము వచ్చు లిపిలో వ్రాయుచుండిరి. ఫునకోషి అదే ఉచ్చారణము గల శూన్యహస్తము అను అర్థము వచ్చు లిపిని స్వీకరించెను. ఈ శూన్యమను భావము భారతదేశమున జనించిన బౌద్ధము ద్వారా జపానునకు చేరినది. చేతిలో ఆయుధము లేకుండుట మాత్రమే చాలదు, మనసులో స్వార్థము, ద్వేషము లేకుండుటయు కావలెనని ఆయన వ్యాఖ్యానించెను. ఒకినావాలో కొందరు గురువులు ఈ మార్పును ఆక్షేపించిరి. 1936లో నాహా నగరమున సమావేశమైన ఒకినావా గురువులు తుదకు కొత్త పేరును అంగీకరించిరి. శిష్యులకై ఫునకోషి ఇరువది నియమములు వ్రాసెను. కరాటే వందనముతో మొదలై వందనముతోనే ముగియవలెననునది మొదటి నియమము. కరాటే తెలిసినవాడు ముందుగా చేయి చేసికొనరాదనునది రెండవది.

ఆయన కవి కూడ. యౌవనమున షూరి సమీపమునందలి టోరావో కొండపై పైన్ చెట్ల నడుమ ఒంటరిగా తిరుగుచుండెను. మన తీరప్రాంతములందలి సరుగుడుతోపులలో గాలి వీచునపుడు అలల హోరువంటి ధ్వని పుట్టును. అట్టి ధ్వనియే ఆ చెట్ల నుండియు పుట్టుచుండెను. దానిని తలంచుకొని కవితలక్రింద పైన్ తరంగములు అను అర్థము గల షోటో అను పేరు పెట్టుకొనెను. శిష్యులు దేశమంతట చందాలు ప్రోగుచేసి, 1930వ దశాబ్దపు ఉత్తరార్ధమున ఆయనకు టోకియోలో సొంత అభ్యాసశాలను కట్టించి ఇచ్చిరి. గుమ్మముపై షోటోకాన్ అని వ్రాసిరి. కాన్ అనగా భవనము. అద్దెగదులలో, అరువు శాలలలో పదునైదేండ్లు నేర్పిన గురువునకు డెబ్బదియేండ్ల ప్రాయమున ఒక గూడు ఏర్పడెను. ఐనను ఆయన తన విద్యను ప్రత్యేకశాఖగా చెప్పుకొనలేదు. కరాటే ఒక్కటే యని, శాఖలుగా చీలరాదని ఆయన నమ్మకము. ఇంటికి పెట్టిన పేరును విద్యకు పెట్టినవారు లోకులు.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. శిష్యులలో పలువురు సైన్యమునకు పోయి తిరిగి రాలేదు. 1945లో విమానదాడిలో షోటోకాన్ భవనము బూడిదయయ్యెను. తన తరువాత విద్యను నిలుపునని ఆశించిన కుమారుడు గిగో అదే సంవత్సరము క్షయవ్యాధిచే మరణించెను. ఒకినావా రణరంగమై పోగా, భార్య ఇల్లువాకిలి కోల్పోయి క్యూషూ ద్వీపమునందలి ఓయితాకు చేరుకొనెను. వృద్ధుడైన ఫునకోషి అచ్చటికి పోయి ఆమెను కలిసికొనెను. ఆ కలయికయు రెండేండ్లకే ముగిసెను. 1947లో ఆమె కన్నుమూసెను. భవనము లేదు, కుమారుడు లేడు, భార్య లేదు. డెబ్బదితొమ్మిదేండ్ల ఫునకోషి టోకియోకు తిరిగివచ్చి మరల నేర్పుట మొదలిడెను.

ఆ కరవురోజులలోనే ఒకనాటి రాత్రి ఒక దొంగ ఆయనపై బడెను. వృద్ధుడు మెలకువతో ప్రక్కకు తప్పుకొని వానిని కదలకుండ పట్టుకొనెను. ఇంతలో రక్షకభటుడు వచ్చి దొంగను కొనిపోయెను. చూచినవారు ఆ వయసున ఆ చురుకుదనమునకు మెచ్చుకొందురు. కాని ఫునకోషి సిగ్గుపడెను. చేయరాదని శిష్యులకు జీవితమంతయు బోధించిన పనిని తాను చేసితినని నొచ్చుకొనెను. ఆ దొంగ యుద్ధమువలన చితికిన అభాగ్యుడై యుండునని తలంచి అతనిని గూర్చి జాలిపడెను.

1949లో శిష్యులు జపాను కరాటే సంఘమును స్థాపించి ఆయనను గౌరవాధ్యక్షునిగా చేసికొనిరి. కాని గురుశిష్యుల నడుమ ఒక విషయమున ఏకీభావము కుదరలేదు. యువకులు పోటీలు కోరిరి. కటాలు మాత్రమే చేసిన బలమెంతో ఎట్లు తెలియునని వారి సందేహము. పోటీలు వచ్చిన గెలుపుపై మోజు పెరిగి, ఆత్మశిక్షణ మరుగుపడునని గురువుగారి భయము. ఇరుపక్షముల మాటలోను సత్యము లేకపోలేదు. ఫునకోషి 1957వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన, ఎనుబదెనిమిదవ యేట దివంగతుడయ్యెను. అదే సంవత్సరము అక్టోబరులో శిష్యులు తొలి జాతీయ పోటీలను జరిపిరి. ఆయన శిష్యపరంపర రెండుగా చీలెను. 1968లో కామకురా నగరమునందలి ఎంగకుజి ఆలయమున ఆయనకు స్మారకశిల వెలసెను. ముందుగా దెబ్బ కొట్టరాదను ఆయన నియమమునే దానిపై చెక్కిరి. 2021లో టోకియోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో కరాటే మొదటిసారిగా ప్రవేశించెను. 2024లో పారిస్ క్రీడలలో దానికి స్థానము లభింపలేదు. పతకము లున్నను లేకున్నను అభ్యాసకులు మాత్రము తమ అభ్యాసమును మానలేదు.

చలనచిత్రమున దెబ్బ తగులకయే తగిలినట్లు కనబడును. షోటోకాన్ విద్యార్థియు తన సర్వశక్తితో విసరిన పిడికిలిని తోటివాని దేహమునకు వెండ్రుకవాసి దూరమున నిలుపుట నేర్చును. చూపరులకు రెండును ఒకటిగనే తోచవచ్చును. మొదటిది చూచువారిని రంజింపజేయుటకు చేయు నేర్పు. రెండవది కొట్టగలిగియు కొట్టకుండుటకు చేయు సాధన. తెరమీది వీరుని వలె కావలెనని ఫిల్మునగరు వీథులనుండి వచ్చిన బాలుడు, తొలిదినమున విసుగుపుట్టించిన ఆ వందనమును ఏండ్లు గడచిన పిమ్మట ప్రీతితో చేయును. బలహీనుడై పుట్టి, లాంతరు వెలుగున చీకటిబాటను నడచిన షూరి బాలునకు లభించినదే అతనికిని లభించును. తన భయమును తాను గెలిచినవానికి పరులను భయపెట్టవలసిన పని యుండదు.